అడ్మిన్ నేనే, మరి తాళం ఎవరిది?

కొంతమంది లాప్‌టాప్‌లలో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే ఒక చిన్న లైన్ కనిపిస్తుంది: "సమ్ సెట్టింగ్స్ ఆర్ మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్." కొన్ని సెట్టింగులు మీ సంస్థ చేతిలో ఉన్నాయి అని అర్థం. కింద ఉన్న బటన్లు బూడిద రంగులో ఉంటాయి, ఎంత నొక్కినా పలకవు. మన డబ్బుతో కొన్న లాప్‌టాప్, అందులో ఉన్నది ఒక్కటే అకౌంట్, ఆ అకౌంట్ అడ్మినిస్ట్రేటర్. మరి ఈ సంస్థ ఎవరు? మనకి ఉద్యోగం ఇంకా రాలేదు కదా!

ఈ సెమిస్టర్‌లో మా హాస్టల్ ఫ్లోర్‌లో, ల్యాబ్‌లో కలిపి మూడు లాప్‌టాప్‌లలో ఈ లైన్ చూశాను. మూడింటికీ కారణం వేరు, వైద్యం కూడా వేరు. చాలామంది చేసేది మాత్రం ఒకటే. యూట్యూబ్‌లో ఎవరో ఇచ్చిన బ్యాచ్ ఫైల్ దించుకుని, రైట్ క్లిక్ కొట్టి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అంటారు. ఆ ఫైల్ చాలాసార్లు చేసే పని అప్‌డేట్ సర్వీసుని ఆపి, సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్‌ని ఖాళీ చేయడం. డౌన్‌లోడ్ సగంలో పాడైపోయినప్పుడు అది పనికొస్తుంది. ఈ తాళానికి దానికీ సంబంధం లేదు. తలనొప్పికి కట్టు కట్టినట్టు ఉంటుంది.

ముందు అడ్మిన్ అంటే ఏంటో కాస్త చూద్దాం. విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మనం పెట్టే మొదటి అకౌంట్ అడ్మినిస్ట్రేటర్స్ అనే గ్రూప్‌లో చేరుతుంది. అయితే విస్టా వచ్చినప్పటి నుంచి, అంటే 2007 నుంచి, అడ్మిన్‌గా లాగిన్ అయినా మనం తెరిచే ప్రోగ్రాములు మామూలు యూజర్ హక్కులతోనే నడుస్తాయి. స్క్రీన్ మసకబారి ఎస్, నో అని ఒక పెట్టె వస్తుంది చూడండి, అక్కడ ఎస్ అన్నప్పుడే ఆ ఒక్క ప్రోగ్రాముకి పూర్తి హక్కులు దొరుకుతాయి. అందుకే "హక్కులు సరిపోలేదేమో, ఇంకా పెద్ద అడ్మిన్ కావాలేమో" అని అందరి బుర్ర అటే పోతుంది.

అసలు సంగతి అది కాదు. సెట్టింగ్స్ యాప్ ఆ బటన్ని చూపించే ముందు "ఇతను అడ్మినా, కాదా" అని అడగట్లేదు. "ఈ విషయం మీద ముందే ఏదైనా పాలసీ రాసి ఉందా" అని చూస్తోంది. రాసి ఉంటే బటన్ బూడిద రంగు. కూర్చున్నది ఎవరైనా సరే. మన భాషలో చెప్పాలంటే ఒక ఇఫ్, ఒక ఎల్స్. పాలసీ ఉంటే పాలసీ మాట, లేకపోతే యూజర్ ఇష్టం. ఆ ఇఫ్‌లో యూజర్ ఎవరు అనే వేరియబులే లేదు.

మన ఇళ్ళలో స్థలం కొనేటప్పుడు పెద్దవాళ్ళు ఈసీ తీయిస్తారు కదా. ఇల్లు మనం కొనేశాం, తాళాలన్నీ మన చేతిలో ఉన్నాయి, గదులన్నీ తిరుగుతున్నాం. కానీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత ఓనర్ పెట్టిన తాకట్టు ఒకటి ఇంకా ఎక్కి ఉంది. తలుపులు ఎంత గట్టిగా తోసినా ఆ ఎంట్రీ పోదు. ఆఫీసుకి వెళ్ళి, ఆ ఎంట్రీ ఎవరిదో చూసి, కొట్టేయించుకోవాలి. ఇక్కడ కూడా అంతే. విండోస్‌లో ఆ ఆఫీసు పేరు కూడా రిజిస్ట్రీయే! అడ్మిన్ హక్కు ఉపయోగపడేది అక్కడే. రాసిన నియమాన్ని పక్కనపెట్టి ముందుకెళ్ళే అధికారం అడ్మిన్‌కి లేదు. నియమాల పుస్తకాన్ని తెరిచి మార్చే అధికారం ఉంది.

ఇలా ఎందుకు పెట్టారు అంటే, ఈ ఏర్పాటు మనలాంటి వాళ్ళ కోసం పుట్టలేదు. గ్రూప్ పాలసీ అనేది విండోస్ 2000తో వచ్చింది, ఆఫీసుల కోసం. వేల కంప్యూటర్లున్న కంపెనీలో చాలామంది డెవలపర్లకి వాళ్ళ మెషీన్ మీద అడ్మిన్ హక్కులు ఇవ్వక తప్పదు. వాళ్ళందరూ ఎవరికి తోచినట్టు వాళ్ళు అప్‌డేట్లు ఆపేసుకుంటే కంపెనీ గతేంటి? అందుకని యూజర్ ఇష్టం ఒక చోట, సంస్థ నియమం ఇంకో చోట రాసి, రెండోదానికే ఎక్కువ విలువ ఇచ్చారు.

ఇందులో తమాషా ఏంటంటే తాళం రెండు వైపులా ఉంటుంది. సర్వీసెస్ లిస్టులో విండోస్ అప్‌డేట్ మెడిక్ సర్వీస్ అని ఒకటి ఉంటుంది. అప్‌డేట్ భాగాలు పాడైతే బాగుచేయడం దాని పని. దాన్ని డిసేబుల్ చేయబోతే అడ్మిన్‌కి కూడా యాక్సెస్ డినైడ్ అంటుంది. అంటే అప్‌డేట్లు ఆపుతావేమో అని మైక్రోసాఫ్ట్‌కి మన మీద అనుమానం, ఇష్టమొచ్చినట్టు వేసుకుంటావేమో అని సంస్థకి అనుమానం. మధ్యలో మనం.

సరే, మొదటి లాప్‌టాప్. మా రూమ్మేట్‌ది. వాళ్ళ నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. 24 వేలు పెట్టి ఒక షాపులో రీఫర్బిష్డ్ లాప్‌టాప్ కొనిచ్చారు. ఏదో కంపెనీ ఆఫీసులో వాడి అమ్మేసిన మెషీన్. చూడ్డానికి కొత్తదానిలాగే ఉంది. ఒకరోజు వాడు "మామా, చెక్ ఫర్ అప్‌డేట్స్ కొడితే ఏదో నంబర్ వస్తుంది రా" అన్నాడు. నంబర్ 0ఎక్స్8024402సి. సర్వర్ పేరు ఎక్కడుందో దొరకట్లేదు అని దాని అర్థం. నెట్ చూస్తే బ్రహ్మాండంగా ఉంది, పక్క ట్యాబ్‌లో వీడియో నడుస్తోంది. మరి ఏ సర్వర్ దొరకట్లేదు?

అప్‌డేట్ హిస్టరీ తెరిచాను. చివరి సెక్యూరిటీ అప్‌డేట్ పడి 14 నెలలు. ఆ లాప్‌టాప్‌లో వాడి స్కాలర్‌షిప్ కాగితాలు, అమ్మానాన్నల ఆధార్ స్కాన్లు, నాన్నగారి బ్యాంక్ లాగిన్ అన్నీ ఉన్నాయి. ఆయనకి నెట్ బ్యాంకింగ్ రాదు, వీడే చేసిపెడతాడు.

14 నెలలు అంటే ఏమంత కొంప మునుగుతుంది అనుకునేవాళ్ళకి 2017 గుర్తు చేయాలి. ఆ సంవత్సరం మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక ప్యాచ్ విడుదల చేసింది. మే 12న వానాక్రై ప్రపంచం మీద పడింది. అది దూరింది సరిగ్గా ఆ ప్యాచ్ మూసిన కంత లోంచే. మధ్యలో దాదాపు రెండు నెలల టైం ఉంది. ప్యాచ్ వేసుకోని కంప్యూటర్లలో ఫైళ్ళు లాక్ అయిపోయాయి. బ్రిటన్ ఆస్పత్రులతో పాటు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని ఆ దెబ్బ తిన్నాయి. ప్యాచ్ బయటికి వచ్చిందంటే కంత ఎక్కడుందో దొంగకి కూడా తెలిసిపోయినట్టే. అందుకే పాత మెషీన్‌కి రోజులు గడిచేకొద్దీ ప్రమాదం ఎక్కువవుతుంది.

తాళం ఎవరిదో కనుక్కోవడానికి మొదట చూడాల్సిన చోటు విండోస్ లోపలే ఉంది. విండోస్ 11లో అయితే విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో కాన్ఫిగర్డ్ అప్‌డేట్ పాలసీస్. ఏ ఏ నియమాలు అమల్లో ఉన్నాయో, అవి ఏ దారిలో వచ్చాయో అక్కడ ఉంటుంది. టైప్ దగ్గర గ్రూప్ పాలసీ అని ఉంటే రిజిస్ట్రీలో ఎవరో రాశారు. మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్ అని ఉంటే మీ మెషీన్ నిజంగానే ఒక సంస్థకి ముడిపడి ఉంది. ఈ తేడా చూడకుండా ఏమీ ముట్టుకోవద్దు. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో డీఎస్‌రెగ్‌కమాండ్ స్లాష్ స్టేటస్ అని కొట్టాలి. అక్కడ కమాండ్ అన్న ముక్కని సీఎండీ అని మూడక్షరాల్లోనే టైప్ చేయండి. అజూర్ ఏడీ జాయిన్డ్, డొమైన్ జాయిన్డ్ అనే లైన్ల పక్కన ఎస్ ఉందో నో ఉందో చూసుకోండి.

మా వాడి మెషీన్‌లో టైప్ గ్రూప్ పాలసీ, జాయిన్డ్ లైన్లు రెండూ నో. అంటే సంస్థ వెళ్ళిపోయింది, దాని నియమాలు మాత్రం మిగిలిపోయాయి. షాపువాళ్ళు విండోస్‌ని శుభ్రంగా మళ్ళీ ఎక్కించకుండా ఒక కొత్త అకౌంట్ పెట్టి అమ్మేశారన్నమాట.

ప్రో ఎడిషన్ కాబట్టి గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉంది, హోమ్ ఎడిషన్‌లో అది ఉండదు. తెరిచి చూస్తే అప్‌డేట్ కింద ఉన్న పాలసీలన్నీ నాట్ కాన్ఫిగర్డ్ అని చూపిస్తోంది! చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ ఎడిటర్ చదివేది రిజిస్ట్రీని కాదు, సిస్టమ్ 32 లోపల గ్రూప్ పాలసీ ఫోల్డర్‌లో రిజిస్ట్రీ డాట్ పోల్ అని ఒక ఫైల్ ఉంటుంది, దాన్ని. పాత కంపెనీ సర్వర్ నుంచి వచ్చిన నియమాలు, ఏదో టూల్ నేరుగా రిజిస్ట్రీలో రాసిన నియమాలు ఆ ఫైల్‌లో ఉండవు. కాబట్టి ఎడిటర్ ఏమీ లేదంటుంది, సెట్టింగ్స్ ఉందంటుంది. రెండూ నిజమే చెప్తున్నాయి.

ఎడిటర్ గురించి ఇంకో మాట, ఎందుకంటే నేను చూసిన అందరూ ఇక్కడ తడబడ్డారు. ప్రతి పాలసీకీ మూడు స్థితులు: ఎనేబుల్డ్, డిసేబుల్డ్, నాట్ కాన్ఫిగర్డ్. డిసేబుల్ చేస్తే పాలసీ పోతుంది అనుకుంటాం. పోదు. కాన్ఫిగర్ ఆటోమేటిక్ అప్‌డేట్స్ అనే పాలసీని డిసేబుల్డ్ చేస్తే, ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేయమని రాసినట్టు. నో ఆటో అప్‌డేట్ అనే వాల్యూ 1 అయి కూర్చుంటుంది. నియమం అసలే లేకుండా పోవాలంటే నాట్ కాన్ఫిగర్డ్ కావాలి. నల్, ఫాల్స్ రెండూ ఒకటి కావని ఫస్టియర్‌లో చదువుకున్నాం కదా, అదే ఇది.

ఇక రిజిస్ట్రీ. స్టార్ట్‌లో రెజ్‌ఎడిట్ అని కొట్టి, ఎస్ అని, ఈ దారిలో వెళ్ళాలి: హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్ అప్‌డేట్. నేను తెలుగులో రాస్తున్నా కానీ అక్కడ అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, కంగారు పడకండి. దారిలో పాలసీస్ అనే మాట ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. విండోస్ అప్‌డేట్ అనే పేరుతోనే ఇంకో కీ కరెంట్ వెర్షన్ కింద కూడా ఉంటుంది. అది అప్‌డేట్ సొంత ఇల్లు, దాని జోలికి పోకూడదు.

మా వాడి దాంట్లో అక్కడ దొరికినవి ఇవీ. డబ్ల్యూయూ సర్వర్ అనే వాల్యూలో ఆ పాత కంపెనీ లోపలి సర్వర్ అడ్రస్, చివర 8530 అనే పోర్టు. కంపెనీలు అప్‌డేట్లని ఒకసారి తమ సర్వర్‌లోకి దించుకుని అక్కడి నుంచి అందరికీ పంచుతాయి, ఆ సర్వర్ మామూలుగా వాడే పోర్టు అది. కింద ఏయూ అనే సబ్ కీలో యూజ్ డబ్ల్యూయూ సర్వర్ 1. అంటే మైక్రోసాఫ్ట్ దగ్గరికి కాదు, ఈ అడ్రస్‌కే వెళ్ళు అని. ఆ అడ్రస్ ఆ కంపెనీ గోడల మధ్య తప్ప ఎక్కడా ఉండదు. పాపం ఆ లాప్‌టాప్ మా హాస్టల్ వైఫైలో 14 నెలలుగా పాత ఆఫీసు కోసం వెతుక్కుంటోంది. ఇంకో వాల్యూ టార్గెట్ రిలీజ్ వెర్షన్ ఇన్ఫో, అందులో 22హెచ్2. ఆ వెర్షన్ దాటి వెళ్ళొద్దు అని. హోమ్, ప్రో ఎడిషన్లకి విండోస్ 11 22హెచ్2 సపోర్ట్ 2024 అక్టోబర్ 8నే అయిపోయింది. అంటే సర్వర్ దొరికినా అది చచ్చిన వెర్షన్ దగ్గరే ఆగేది.

తీసేయడం పెద్ద పని కాదు. పాలసీస్ కింద ఉన్న విండోస్ అప్‌డేట్ కీ మీద రైట్ క్లిక్ చేసి ముందు ఎక్స్‌పోర్ట్ కొట్టి ఒక ఫైల్‌గా దాచాలి. ఏదైనా తేడా వస్తే ఆ ఫైల్‌ని డబుల్ క్లిక్ చేస్తే ఉన్నది ఉన్నట్టు తిరిగొస్తుంది. తర్వాత ఆ కీ డిలీట్, తర్వాత రీస్టార్ట్. కీ తీసేశాక మళ్ళీ మళ్ళీ పుట్టుకొస్తుంటే ఎవరో వెనక నుంచి రాస్తున్నారని అర్థం. రిజిస్ట్రీ డాట్ పోల్ ఫైల్‌లో ఉంటే ఎడిటర్‌లోకి వెళ్ళి నాట్ కాన్ఫిగర్డ్ చేయాలి. ఏదైనా టూల్ రాస్తుంటే ఆ టూల్‌ని తీయాలి.

రీస్టార్ట్ అయ్యాక ఆ లైన్ మాయం, బటన్లకి ప్రాణం వచ్చింది. 14 నెలలవి 14 అప్‌డేట్లు వేసుకోవాలేమో అని వాడు భయపడ్డాడు కానీ అక్కర్లేదు. నెలవారీ అప్‌డేట్లలో పాతవన్నీ కలిసే ఉంటాయి, తాజాది ఒక్కటి చాలు. ఆ తర్వాత కొత్త వెర్షన్ రాత్రంతా దిగింది. వాడు మాత్రం ముందు బ్యాంక్ పాస్‌వర్డ్ మార్చి, నాన్నకి ఫోన్ చేసి "ఏం లేదు నాన్నా, ఊరికే మార్చాను" అన్నాడు.

రెండో లాప్‌టాప్ కథ పూర్తిగా వేరు. ల్యాబ్‌లో ఒక జూనియర్ వచ్చి "అన్నా, నా సొంత లాప్‌టాప్, ఉన్నట్టుండి పిన్ మార్చుకోమంటోంది, అప్‌డేట్ దగ్గర సంస్థ అంటోంది" అంది. ఆ అమ్మాయి చేసింది ఒక్కటే, కాలేజీ మెయిల్‌తో వర్డ్‌లో సైన్ ఇన్ అయింది. అలా అయినప్పుడు ఒక పెట్టె వస్తుంది, అలౌ మై ఆర్గనైజేషన్ టు మేనేజ్ మై డివైస్ అని, పక్కన టిక్ ముందే పెట్టి ఉంటుంది. మనం ఓకే కొట్టేస్తాం. సంస్థ వైపు ఆటోమేటిక్ ఎన్‌రోల్‌మెంట్ ఆన్‌లో ఉంటే ఆ ఒక్క ఓకేతో మన మెషీన్ వాళ్ళ మేనేజ్‌మెంట్‌లో చేరిపోతుంది. సరైన దారి ఆ టిక్ తీసేసి, నో, సైన్ ఇన్ టు దిస్ యాప్ ఓన్లీ అనేది నొక్కడం. నా దృష్టిలో ఆ టిక్ ముందే పెట్టి ఉంచడం అన్యాయం. ఎంత పెద్ద విషయానికి ఒప్పుకుంటున్నామో ఆ పెట్టె చూస్తే తెలియదు.

ఇలాంటి దాంట్లో రిజిస్ట్రీ కెలికి లాభం లేదు, తర్వాతి సింక్‌లో మళ్ళీ వచ్చేస్తుంది. సెట్టింగ్స్, అకౌంట్స్, యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్‌లోకి వెళ్ళి ఆ అకౌంట్‌ని డిస్కనెక్ట్ చేయాలి. దానికి ముందు రెండు పనులు. ఒకటి, మీరు రోజూ లాగిన్ అయ్యేదే కాలేజీ అకౌంట్ అయితే ముందు ఒక లోకల్ అడ్మిన్ అకౌంట్ చేసి, దాంట్లోకి వెళ్ళగలుగుతున్నారో లేదో చూసుకోండి. లేదంటే మీ ఇంటికి మీరే బయట తాళం వేసుకున్నట్టు. రెండు, డ్రైవ్‌కి బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఆ కీ సంస్థ అకౌంట్‌లో మాత్రమే దాచి ఉండే అవకాశం ఉంది. 48 అంకెలు, ఓపిగ్గా రాయండి. ఆ అమ్మాయిది ఇలాగే చేశాం, పది నిమిషాల్లో అయిపోయింది.

మూడోదాని గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఆన్‌లైన్ టెస్ట్ మధ్యలో రీస్టార్ట్ అయిందని కోపంతో ఒక సీనియర్ అప్‌డేట్ బ్లాకర్ వేసుకున్నాడు. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసినా అది రాసిన నియమాలు పోలేదు. ఆ సంస్థ వేరెవరో కాదు, ఆ బ్లాకరే. కీ తీసేశాం. కోపం న్యాయమైందే కానీ దానికి మామూలు దారులున్నాయి. పాజ్ ఐదు వారాల వరకు పెట్టుకోవచ్చు. యాక్టివ్ అవర్స్ 18 గంటల వరకు పెట్టుకోవచ్చు. ఫోన్ హాట్‌స్పాట్‌ని మీటర్డ్ కనెక్షన్‌గా పెడితే డేటా తినదు. సెక్యూరిటీ అప్‌డేట్లు నెలలో రెండో మంగళవారం వస్తాయి, మనకి అది రాత్రి పదిన్నర లేదా పదకొండున్నర. కాబట్టి ఆ వారం బుధవారం పొద్దున్నే టెస్ట్ ఉంటే మంగళవారమే పాజ్ కొట్టేయండి.

ఇవన్నీ మన సొంత మెషీన్ అయితేనే. ఇంటర్న్‌షిప్‌లో కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ మీద కూడా మనం అడ్మినే కావచ్చు. కానీ అది వాళ్ళ ఇల్లు, ఈసీలో వాళ్ళ పేరే ఉంటుంది. అక్కడ ఆ లైన్ కనిపిస్తే ఐటీ వాళ్ళకి మెయిల్ పెట్టండి.

విండోస్ మళ్ళీ ఎక్కించినా పోని తాళం ఇంకోటి ఉంది. కంపెనీలు కొన్ని మెషీన్ల హార్డ్‌వేర్ గుర్తుని ఆటోపైలట్ అనే ఏర్పాటులో నమోదు చేస్తాయి. ఆ నమోదు లాప్‌టాప్‌లో ఉండదు, మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో ఉంటుంది. ఫార్మాట్ చేసి నెట్‌కి కలపగానే వెల్‌కమ్ అంటూ ఆ కంపెనీ పేరు చూపించి ఉద్యోగి లాగిన్ అడుగుతుంది. దాన్ని తీయగలిగింది ఆ కంపెనీయే. పాత మెషీన్ అమ్మేటప్పుడు వాళ్ళు తీసేయాలి, చాలామంది మర్చిపోతారు. ఇది అడ్మిన్ హక్కులతో తేలేది కాదు.

అందుకే సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు షాపులోనే ఒక గంట కూర్చోండి. రీసెట్ దిస్ పీసీలో రిమూవ్ ఎవ్రీథింగ్ మీ ముందే కొట్టించి, సెటప్ మొదలయ్యాక మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. నెట్ లేకుండా సెటప్ ముగించేస్తే ఆ నమోదు బయటపడదు. షాపువాళ్ళు తొందరపెడితే పెట్టనీయండి. కంపెనీ పేరు కనిపిస్తే ఇంకో మెషీన్ అడగండి. కనిపించకపోతే విండోస్ అప్‌డేట్ పేజీ తెరిచి, ఆ లైన్ లేదని చూసుకుని, చెక్ ఫర్ అప్‌డేట్స్ ఒకసారి నొక్కి, డౌన్‌లోడ్ కదలడం మొదలయ్యాక డబ్బులివ్వండి.